మా అవ్వ కుదిర్చిన రాజీ

కర్నూలులో డిగ్రీ చదివేటప్పుడు నాకు బాక్సింగు పిచ్చి పట్టుకుంది. మొదటి ఏడాదే సీమ జిల్లాల పోటీల ఫైనల్లో వేంపల్లె అబ్బాయి మూతి వాయగొట్టి బంగారు పతకం గెలిచాను. పత్తికొండలో మా ఇంటికి పోయి, మెడలో పతకంతోనే అవ్వకు ఫోన్లో ఆ పోటీ వీడియో చూపించాను. అవ్వ పతకాన్ని పట్టించుకోలేదు.

"ఎవరి బిడ్డరా ఆ పిల్లోడు? నిన్నేం జేసినాడు?"

"ఏం జేయల్యా అవ్వా. అది ఆట."

"ఏం జేయనోన్ని అట్ల కొడ్తివా!"

ఆ అబ్బాయి తరఫువాళ్లు పగ తీర్చుకోడానికి జీపులేసుకుని మా మీదికి వస్తారని ఆమె భయం. వీధి తలుపు గడియ తీయనివ్వలేదు. చివరికి రాజీ చేసుకోవడమే మేలనుకుని, డబ్బా నిండా ఓళిగలు చేసి, నన్ను వెంటబెట్టుకుని బస్సులు మారుతూ వేంపల్లెలో వాళ్లింటికి చేరింది.

తలుపు తీసింది ఆ అబ్బాయే. నన్ను చూడగానే రెండు పిడికిళ్లూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అవ్వ ఆ పిడికిళ్లు విప్పి డబ్బా చేతిలో పెట్టింది.

"మావాడు తెలీక కొట్నాడప్పా. మనసులో పెట్టుకోవాకు."

"నేనూ కొడ్తి గదవ్వా. మీవోడు వంగినాడు, తగల్లేదు."

"తగిలింటే శానా బాగుండు," అంది అవ్వ, నావైపు కోపంగా చూస్తూ.

వాళ్లమ్మ నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. మమ్మల్ని కూర్చోబెట్టి సంగటి, కోడికూర పెట్టింది.

మరుసటి ఏడాది ఫైనల్ కడపలో. మళ్లీ మేమిద్దరమే. రాజీ చెడిపోకుండా చూసుకోవాలని అవ్వ ముందు వరసలో కూర్చుంది. గంట మోగింది. నేను చెయ్యెత్తానో లేదో, అరిచింది.

"రేయ్! వాళ్లింట్లో కోడికూర తింటివి గదరా!"

నవ్వాగక నా నోట్లోని పళ్ల రబ్బరు ఊడి కిందపడింది. వాడూ నవ్వుతూనే కొట్టాడు. నేను వెల్లకిలా పడ్డాను. రిఫరీ అంకెలు లెక్కపెడుతుంటే అవ్వ లేచి చప్పట్లు కొట్టింది.

"సరిపాయె! ఇద్దరికీ చెరొకటి. ఇంక సాలించండప్పా."

మేం చాలించలేదు. తర్వాత రాష్ట్ర పోటీల్లోనూ చాలా పతకాలు గెలిచాను. అవ్వకు మాత్రం పరుగుపందెమని చెప్పి వెళ్లేవాణ్ణి. కన్ను వాచి వస్తే, పరిగెత్తుతూ పడ్డానని చెప్పేవాణ్ణి.

"అందరూ మోకాళ్ల మీద పడ్తారు," అనేది అవ్వ, వాపు మీద కాపడం పెడుతూ. "నువ్వేందిరా, ఎప్పుడు జూసినా కంటి మీదనే పడ్తాండావు?"