మ్యాటు మీద నేర్చిన కాలు

మొన్న ఆదివారం పంజాగుట్టలో మెట్రో ఎక్కాను. తలుపు పక్కన క్రికెట్ సంచులు కాళ్ల మధ్య పెట్టుకుని ఇద్దరు యువకులు వాదించుకుంటున్నారు. ఒకడు కంపెనీల వారాంతపు లీగ్‌లో ఆడతాడట, రెండోవాడు నగర డివిజన్ లీగ్‌లో. "మీ లీగ్ల వంద కొట్టినా మా లీగ్ల ముప్పై కింద లెక్క, భాయ్" అని రెండోవాడు తేల్చేశాడు. "ముందుగాల గా ముప్పై కొట్టి చూపియ్, తర్వాత మాట్లాడు" అన్నాడు మొదటివాడు. అమీర్‌పేట స్టేషన్ వచ్చినా ఆ లెక్క తెగలేదు. తల నెరిసినవాణ్ణి కదా, ఎక్కడ నన్ను మధ్యవర్తిగా పిలుస్తారోనని నేను కిటికీలోంచి కిందికి చూస్తూ నిలబడ్డాను. ఆ ప్రశ్న నన్ను ఒకసారి అడిగారు. జవాబు కోసం ఒక మనిషి జీవితం కాచుకుని ఉన్నప్పుడు అడిగారు. అప్పుడూ నేను ఇలాగే మరో వైపు చూశాను.

సాఫ్ట్‌వేర్ పేరు చెప్పి ఊళ్లన్నీ అమీర్‌పేటకు తరలివస్తున్న రోజులవి. మేము శిక్షణ కేంద్రాల వెనక సందులో ఒక డాబా ఇంటి కింది వాటాలో అద్దెకు ఉండేవాళ్లం. సందులో ఏ గోడ చూసినా జావా, ఒరాకిల్ అని రాసిన కాగితాలే. ఉదయం ఇడ్లీ బండి ఆవిరి, మధ్యాహ్నం జెరాక్స్ మిషన్ల వేడి, సాయంత్రం హాస్టళ్ల మీద ఆరేసిన తువ్వాళ్ల సబ్బు వాసన. ఎదురుగా ఎవరైనా వస్తే భుజం పక్కకు తిప్పి నడవాల్సిందే. నేనొక తెలుగు దినపత్రికలో ఆటల పేజీ చూసేవాణ్ణి. స్థానిక లీగ్‌ల స్కోర్లు సాయంత్రం ఫోన్లో చెప్పేవారు. వాటిని పేజీ అడుగున, అన్నిటికంటే చిన్న అక్షరాల్లో వేసేవాళ్లం. ఏ డివిజన్, బి డివిజన్, కంపెనీల లీగ్, జిల్లాల లీగ్ అన్నీ ఒకే సైజు అక్షరాలు. ప్రపంచ కప్పు వార్తలో తప్పు పోయినా ఊరుకునే పాఠకులు ఆ చిన్న అక్షరాల్లో ఒక పరుగు తగ్గితే మాత్రం ఆఫీసుకు వచ్చేసేవారు. వచ్చినవాళ్లందరూ చివర్లో ఒకటే మాట అడిగేవారు, "మా లీగ్ గొప్పదా, వాళ్లదా, మీరే చెప్పండి" అని. నేను టీ తెప్పించి పంపేసేవాణ్ణి.

పై వాటాలో మా ఇంటాయన ఉండేవారు. కరెంటాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఆదివారాలు లీగ్ మ్యాచ్‌లకు అంపైరింగ్ చేసేవారు. శనివారం సాయంత్రం ఆయన తెల్లకోటు నీలిమందు పెట్టి ఉతికి డాబా మీద ఆరేస్తే, ఏ వాటాలో వాళ్లూ ఆ పక్కన కారం పొడి కూడా ఎండబెట్టేవాళ్లు కాదు. మనిషి నెమ్మది. నల్లా నీళ్ల దగ్గరా, అద్దె దగ్గరా ఎప్పుడూ గొంతు పెంచలేదు. కానీ తప్పని తోచింది ఒప్పని మాత్రం అనలేరు. "ఇంట్ల సుత గట్లనే. కూరల ఉప్పెక్కువైతే నోటితోని చెప్పడు, వేలు లేపుతడు" అనేది వాళ్లావిడ.

అలాంటి ఇంటికి మా బావమరిది వచ్చాడు. మా ఆవిడ తమ్ముడు, ఇరవై రెండేళ్లవాడు. పేరుకు కంప్యూటర్ కోర్సు, మనసంతా బ్యాటు మీద. గోదావరి వైపు జిల్లా లీగ్‌లో వాడు వంద కొట్టని ఆదివారం ఉండేది కాదని మా అత్తవారి ఊళ్లో చెప్పుకునేవారు. వచ్చేటప్పుడు మా మామగారు వాడికి ఒక గడువు పెట్టి పంపారు. ఎండలు ముదిరేలోగా ఉద్యోగం దొరికితే పట్నంలోనే ఉండొచ్చు, లేకపోతే తిరిగొచ్చి కోళ్ల దాణా కొట్లో కూర్చోవాలి. ఆ దాణా దుమ్ముకు వాడికి చిన్నప్పటి నుంచి ఆయాసం. వాడు ఆ సంగతి నవ్వుతూ చెప్పేవాడు గానీ, మా ఆవిడ నవ్వేది కాదు.

బేగంపేట వైపు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి సొంత క్రికెట్ జట్టు ఉండేది. దాని వ్యవహారాలు చూసే మేనేజరుకు మావాణ్ణి పరిచయం చేశాను. ఆయన జిల్లా స్కోర్ల కత్తిరింపులు మర్యాదగా తిరగేసి, "ఈ లీగ్ స్థాయి ఏంటో మాకు తెలీదండీ. ఇక్కడ పై మెట్టు లీగ్, 'ఏ' డివిజన్‌లో ఒక్క మంచి ఇన్నింగ్స్ చూపించమనండి. టెస్టింగ్ విభాగంలో కుర్చీ వేయించే పూచీ నాది" అన్నారు. పంజాగుట్టలో ఒక చాయ్ హోటల్ నడిపే పెద్దమనిషి ఏ డివిజన్ క్లబ్బు ఒకటి చూసేవారు. ఆయన నెట్స్‌లో మావాడి ఆట చూసి వెంటనే పేరు రాసుకున్నారు. "చేతులు మస్తున్నయ్ పిలగానికి" అన్నారు. చేతులు నిజంగానే బాగుండేవి. చిక్కంతా కాలితో వచ్చింది.

మొదటి మ్యాచ్‌లో ఎల్బీడబ్ల్యూ, వికెట్లకు వెళ్లే బంతికి కాలు అడ్డం పెట్టాడని ఔటు. రెండో మ్యాచ్‌లో మళ్లీ ఎల్బీడబ్ల్యూ. ఇంటికొచ్చి ప్యాడ్లు గోడకు విసిరికొట్టాడు. "ఊళ్లో ఆ బంతికి ఎవడూ అప్పీలు కూడా చెయ్యడు బావా! ఇక్కడ బయటివాళ్లంటే ఇచ్చేస్తారు" అన్నాడు. మా ఆవిడ వెంటనే, "మన యాస వినుంటారు" అంది. అరిచింది బౌలర్ కదా, మీ తమ్ముడు నోరెక్కడ విప్పాడు అన్నాను. ఆ పూట నాకు చారులో పోపు పడలేదు.

ఆ రభస విని మా ఇంటాయన వాణ్ణి డాబా మీదికి పిలిచారు. గుమ్మం ముందు వేసుకునే కొబ్బరిపీచు పట్టా ఒకటి పరిచి, దాని మీద బంతిని బలంగా కొట్టారు. అది ఆయన నడుము దాకా లేచింది. తర్వాత పూలకుండీల పక్కన తడిపి ఆరిన మట్టి మీద కొట్టారు. మోకాలి దగ్గరే ఆగింది. "చూస్తివా బిడ్డా? మీ దిక్కు మ్యాటు మీద ఆడుతరు. బంతి ఎగురుతది. నువ్వు కాలు సగం ముందుకు పెట్టి, బ్యాటు దాని ఎనుక దాచుకుంటవు. తగిలినా గది వికెట్ల పైనుంచి ఎగిరి పోయేదే, అంపైర్ ఇయ్యడు. గిక్కడ మట్టి పిచ్. గదే బంతి, గదే కాలు, సీదా వికెట్లకు పోతది" అన్నారు. మావాడు కాసేపు పట్టా వైపూ మట్టి వైపూ మార్చి మార్చి చూశాడు. "అంటే మా ఊళ్లో నేను కొట్టినవన్నీ ఉత్తివేనా అంకుల్?" అన్నాడు. ఆయన నొచ్చుకున్నారు. "గట్లెందుకంటవ్? మట్టి మీద పుట్టినోడు మీ మ్యాటు మీదికొస్తే దవడ పగలగొట్టుకుంటడు" అన్నారు.

వాడికి సంగతి అర్థమైంది, కాలికి కాలేదు. పదేళ్ల వయసు నుంచి మ్యాటు మీద నేర్చిన కాలు అది. రోజూ సాయంత్రం డాబా మీద నేను బంతి విసిరేవాణ్ణి. నీళ్ల ట్యాంకు వికెట్లు. మా ఆవిడ ఎండబెట్టిన బట్టలు తీస్తూ, "బ్యాటు ముందు, బ్యాటు ముందు" అని అరిచేది. నెమ్మదిగా విసిరితే బ్యాటే ముందొచ్చేది. కాస్త వేగం పెంచితే చాలు, ఎవరో లాగినట్టు కాలు వెళ్లిపోయేది. "నేను పెట్టట్లేదు బావా, అదే వెళ్తోంది" అనేవాడు. అప్పటికి నగరంలో ఎండలు మొదలయ్యాయి. మామగారి ఫోన్లూ మొదలయ్యాయి.

ఆ సీజన్‌కు మిగిలింది ఒకటే మ్యాచ్. మేనేజరు వచ్చి చూస్తానన్నారు. అంపైర్ మా ఇంటాయనే అని శనివారం సాయంత్రం తెలిసింది. మా ఆవిడ ఆదివారం పొద్దున్నే అల్లం పచ్చడితో పెసరట్లు వేసి పైకి తీసుకెళ్లింది. ఆయన కాదనకుండా తిన్నారు. చెయ్యి కడుక్కుని, "అట్టు మంచిగున్నదమ్మా. గానీ అట్టు అట్టే, ఎల్బీ ఎల్బీనే" అన్నారు. మా ఆవిడ ఖాళీ పళ్లెంతో దిగొచ్చి, "మొహమాటానికైనా ఆ మాట అనకుండా ఉండాల్సింది!" అంది.

ఆ రోజు వాడు బాగా ఆడాడు. బంధువు కాబట్టి అనడం లేదు. కవర్స్ మీదుగా కొట్టిన రెండు బంతులకు అవతలి జట్టువాళ్లే చప్పట్లు కొట్టారు. చాయ్ హోటల్ పెద్దమనిషి నా తొడ మీద చరిచి, "గిదే గావాలె!" అన్నారు. మేనేజరు ప్లాస్టిక్ కుర్చీ నీడలోకి జరుపుకుని శ్రద్ధగా చూస్తున్నారు. ముప్పై దాటాక ఒక కుర్ర స్పిన్నర్ వచ్చాడు. మామూలు బంతి వేశాడు. అది వాడి చేతిలోంచి వదలగానే మావాడి ముందుకాలు కదలడం నాకు కనిపించింది. బౌండరీ బయట కుర్చీలో ఉన్నవాణ్ణి, నా కాలు నేను గట్టిగా వెనక్కి లాక్కున్నాను. అంతకంటే చెయ్యగలిగింది లేదు. ప్యాడ్‌కు తగిలిన చప్పుడు, వెంటనే అరుపు.  మా ఇంటాయన ఒకసారి పిచ్ వైపు చూశారు. అప్పీలు చేస్తూ మోకాళ్ల మీద కూలబడ్డ ఆ స్పిన్నర్ వైపు చూశారు. తర్వాత వేలు లేపారు. మావాడు గ్లవ్స్ విప్పుకుంటూ వచ్చేశాడు.

మేనేజరు నా వైపు వంగారు. "ఏ డివిజన్‌లో ముప్పై నాలుగంటే మిగతా లీగ్‌లలో ఎన్ని పరుగుల కింద లెక్కండీ? మీది రోజూ ఇదే పని కదా" అన్నారు. వాడు ఊళ్లో మ్యాటు మీద ఆడాడనీ, ఇది మట్టి పిచ్ అనీ, ఆటే వేరనీ చెప్పాను. "వేరంటే ఎక్కువా, తక్కువా?" అన్నారాయన. నేను మళ్లీ వేరనే అన్నాను. ఆయన, "అంటే మీకూ తెలీదన్నమాట" అన్నారు. వెటకారం ఏమాత్రం లేదు. ఇన్నేళ్లుగా పేజీ అడుగున ఆ లీగ్‌లన్నిటినీ ఒకే సైజులో పేర్చిన నేను మైదానం వైపు చూస్తూ ఉండిపోయాను.

తిరుగు ప్రయాణం ముగ్గురిదీ ఒకే షేర్ ఆటోలో. పక్కవాళ్లు ఎక్కేకొద్దీ మావాడూ మా ఇంటాయనా భుజాలు కలిపి ఇరుక్కుని కూర్చోవాల్సి వచ్చింది. ఉతికిన తెల్లకోటు మడత ఆయన ఒళ్లో, ప్యాడ్లు వీడి ఒళ్లో. పంజాగుట్ట చౌరస్తాలో సిగ్నల్ పడ్డాక వాడే అడిగాడు.

"అంకుల్, అది తగిలేదేనా?"

"నడిమి వికెట్, బిడ్డా."

"మా ఊళ్లో అయితే..."

"మీ ఊళ్లయితే నేను సుత ఇయ్యను."

పచ్చలైటు వెలిగింది. 

మా ఆవిడ మాత్రం పై వాటావాళ్లతో మాట్లాడటమే మానేసింది. పై నుంచి సకినాలు వస్తే పళ్లెం కడిగి మెట్ల మీద పెట్టేది. ఆయన ఒక రోజు నన్ను నీళ్ల మోటారు దగ్గర పట్టుకుని, "పేపర్ సారూ, జర మీ ఇంటామెకు చెప్పుండ్రి. నేను ఇయ్యకుంటే గా బౌలర్ పిలగాని గతేంది? వానికి సుత ఎక్కడో ఒక అక్క ఉంటది గదా" అన్నారు. ఆ మాట నేను లోపలికి మోసుకెళ్లి చెప్పాను. ఆవిడ చాలాసేపు బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుని, "ఉంటే ఉండనివ్వండి" అంది. ఆ సాయంత్రం పళ్లెం మాత్రం ఖాళీగా వెళ్లలేదు.

మేనేజరు ఆ కుర్చీ వేరొకరికి ఇచ్చారని తర్వాత తెలిసింది. అతను కంపెనీల వారాంతపు లీగ్‌లో వంద కొట్టాడట. ఆ స్కోరు నా చేతి మీదుగానే పేజీలోకి వెళ్లింది. వంద వందే కదా అన్నారట ఆయన. ఆ లీగ్ అప్పట్లో ఊరి చివరి మైదానాల్లో మ్యాటు మీద ఆడేవారు. ఈ సంగతి విన్నప్పుడు మావాడు సంచి సర్దుకుంటున్నాడు. "మ్యాటు మీదా?" అన్నాడు. మ్యాటు మీదే అన్నాను. నవ్వడం మొదలుపెట్టాడు. నాకూ ఆగలేదు. చివరికి మా ఆవిడ కూడా నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. ఏ లీగ్‌లో ఆడుంటే వాడికి లాభమో ముందే చెప్పగలిగిన పెద్దవాడు ఆ ఇంట్లో ఒక్కడూ లేడు. మర్నాడు రైలెక్కించాం. మా ఇంటాయన స్టేషన్‌కు రాలేదు గానీ, సందు చివరి దాకా వాడి సంచి ఆయనే మోశారు.

మావాడు దాణా కొట్లో కూర్చున్నాడు. ముక్కుకు గుడ్డ కట్టుకుని కూర్చునేవాడు. కొన్నాళ్లు ఆదివారాలు ఆడాడు. తర్వాత పెళ్లి, పిల్లలు, మామగారికి పక్షవాతం. మేము ఆ ఇల్లు ఖాళీ చేశాం. ఆ స్థలంలో ఇప్పుడు హాస్టల్ ఉంది. మా ఇంటాయన పోయి చాలా కాలమైంది. ఉన్నన్నాళ్లూ కలిసినప్పుడల్లా, "పిలగాడు ఆడుతుండా?" అని అడిగేవారు. ఆడుతున్నాడనే చెప్పేవాణ్ణి, మానేసిన తర్వాత కూడా.

మెట్రోలో ఆ కుర్రాళ్లను చూసొచ్చిన సాయంత్రం వాడికి ఫోన్ చేశాను. కోళ్ల ధరలు చెప్పాడు, ఆయాసానికి కొత్త మందు వాడుతున్నానన్నాడు. మాటల మధ్యలో, "మన ఊరి గ్రౌండులో మ్యాటు తీసేశారు బావా. మట్టి పిచ్ వేశారు, అచ్చం పట్నంలోలాంటిదే. ఇప్పటి పిల్లలకి కాలు ముందుకు పోదు, బ్యాటే పోతుంది" అన్నాడు. నువ్వు ఆడి చూశావా అని అడిగాను. "నేనా? కొట్లో ఎవరుంటారు?" అని నవ్వి, బేరం వచ్చిందని పెట్టేశాడు. నేల మారడానికి పట్టినంత కాలం ఎంతటి ఆటగాడైనా క్రీజులో నిలబడి ఉండలేడు.