నిండు ఫ్రేములో తాతయ్య

పొద్దుటి నుంచీ కంప్యూటరుతో కుస్తీ పడుతున్నాను. రిటైరైన వాళ్ళ గుర్తింపు కార్డుకు ఫోటో పంపాలట. అది ఇన్ని పిక్సెళ్ళ వెడల్పు, ఇన్ని పిక్సెళ్ళ ఎత్తు ఉండాలట. పిసరంత తేడా ఉన్నా తిప్పికొడుతోంది. విసుగెత్తి, ఫోటో వెడల్పూ ఎత్తూ మార్చేచోట అది అడిగిన అంకెలే కొట్టాను. వెంటనే తీసుకుంది. తీరా చూస్తే తెరమీద నేను లేను, బుగ్గలు చెవులదాకా సాగిన ఎవరో పెద్దమనిషి ఉన్నాడు. "కళ్ళూ ముక్కూ అన్నీ ఉన్నాయి కదండీ, పంపించెయ్యండి" అంది మా ఆవిడ. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ మాట నేను వినడం ఇదే మొదటిసారి కాదు.

ఎనభైల మొదట్లో, నేను నరసరావుపేట కాలేజీలో చేరిన ఏడాది, రెంటచింతలలో మా తాతయ్య పోయారు. మనిషి మంచి పొడుగు, ఎండకు ఎండీ ఎండీ వెదురుకర్రలా ఉండేవారు. ఆయనకున్నది ఒకే ఒక్క ఫోటో, ఎత్తిపోతల జలపాతం చూడబోయినప్పుడు ఎవరో తీసిన చిన్న ముక్క. తలపాగా నుంచి పాదాల దాకా నిలువునా నిలబడి, ఎండకు కళ్ళు చికిలించి ఉంటారు. సంవత్సరీకం నాటికి దాన్ని పెద్దది చేయించి గోడకు పెట్టాలని నాయనమ్మ పట్టు పట్టింది. "ఆ మొకం కళ్ళల్లోంచి జారిపోతందిరా" అని కళ్ళు ఒత్తుకునేది.

మా నాన్న దగ్గర ఒక టేకు ఫ్రేము ఉంది. వానకు పాడైపోయిన తన పెళ్ళి గ్రూపు ఫోటోది. సహజంగానే అది అడ్డం ఫ్రేము. ఫ్రేమునూ ఫోటోనూ చంకన పెట్టుకుని నాన్న నన్ను వెంటేసుకుని పేటలో స్టూడియో సాయిబు గారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి, "నిండుగా రావాలంటే కాళ్ళన్నా పోవాల, తలకాయన్నా పోవాల. మనిషి మొత్తం కావాలంటే రెండు పక్కలా తెల్లగా వదలాల" అన్నాడు.

"అంత ఖాళీ పెట్టుకోడానికి ఫ్రేమెందుకయ్యా?" అని నాన్న విసురుగా లేచి వచ్చేశాడు.

కాళ్ళు తీసేద్దామంటే నాయనమ్మ ఊరుకోలేదు. "కాళ్ళు లేకపోతే నేను దేనికి మొక్కాల్రా?" అంది. ఇంకో ఫ్రేము కొనమని నేనంటే, "టేకు రా అది!" అని నాన్న కసిరాడు.

చివరికి మాచర్లలో ఒక బోర్డుల పెయింటరు దొరికాడు. మనిషి ఏమీ తగ్గకుండానే ఫ్రేము నింపుతానని మాటిచ్చాడు. ఫోటోమీద బాల్‌పెన్నుతో చదరపు గళ్ళు గీశాడు. అట్టమీదా అన్నే గళ్ళు గీశాడు గానీ, ఫ్రేము నిండాలని ఒక్కో గడిని అడ్డంగా సాగదీశాడు. ఆ గడిలోది ఈ గడిలోకి ఎక్కించుకుంటూ పోయాడు. తాతయ్య తలపాగాతో, పాదాలతో ఫ్రేము ఈ చివరి నుంచి ఆ చివరికి నిండిపోయారు. భుజాలు గడపంత, మెడ లేదు.

సంవత్సరీకం నాడు నాయనమ్మ కుంకుమ భరిణె పట్టుకుని పటం ముందు చానాసేపు నిలబడింది.

"ఈయనెవరు?" అంది.

"ఎవరేందే? తలుంది, కాళ్ళున్నాయి, ఇంకేం గావాల?" అని నాన్న అరిచాడు.

నాయనమ్మ చిన్న ఫోటో తెమ్మంది. ముఖం మీదుగా నీలం గీతలు. తుడిస్తే ముఖమే పోయేలా ఉంది. "కిటికీ ఊచల అవతల నిలబడ్డట్టుండాడు" అని, దాన్ని టేకు ఫ్రేము మూలలో దోపి, దాని పాదాలకే బొట్టు పెట్టింది. దండ మాత్రం పెద్ద పటానికే పడింది. నాన్నమీద ఆ రోజు వచ్చిన కోపం నాకు ఇంకా పోలేదు.

ఆ చిన్న ఫోటో గోడలకు ఏ సున్నాలు వేసినప్పుడో రాలిపోయింది. నాయనమ్మా లేదు, నాన్నా లేడు. తాతయ్యను కళ్ళారా చూసినవాణ్ణి ఇంట్లో నేనొక్కణ్ణే మిగిలాను. ఆ సన్నటి ముఖం కోసం కళ్ళు మూసుకుంటే, చెప్పడానికే ఉక్రోషంగా ఉంది, మెడలేని ఆ లావు మనిషే వచ్చి నిలబడుతున్నాడు. ఇన్నేళ్ళ కాలానికి గుర్తున్నది మా తాతయ్య కాదు, గోడమీద ఉన్నాయన.