గీత గీయని నకలు

జెరాక్స్ అక్క అంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. పన్నెండేళ్లుగా ఆఫీసుల సందు మొదట్లో, ఇద్దరు నిలబడితే ముగ్గురికి చోటులేని కొట్లో, ఊరందరి కాగితాలకూ నకళ్లు తీసిపెట్టింది. ఆవిడకో పిచ్చి ఉండేది. ఎవరి గుర్తింపు కార్డు కాపీ తీసినా, చేతికిచ్చే ముందు దానిమీద అడ్డంగా గీత గీసి, ఏ పనికి ఇస్తున్నారో, ఏ తేదీనో రాయించేది. సరిగ్గా పడని కాపీని నాలుగు ముక్కలు చేస్తే గాని చెత్తబుట్టలో వేసేది కాదు.

"నా మొహానికి నన్నెవడు మోసం చేస్తాడమ్మా?" అని ఓ పెద్దాయన విసుక్కున్నాడు.

"మీ మొహంతో వాళ్లకేం పని బాబాయ్, నంబరు చాలు. రాయండి," అంది. వెనకున్నవాళ్లంతా నవ్వారు.

ఈ అక్కకు ఫార్మసీ డిప్లొమా ఉందని చాలామందికి తెలియదు. మిషను పక్కనే పుస్తకం పెట్టుకుని, ముప్ఫై ఎనిమిదో ఏట పాసయింది. మందుల కొట్టు తెరవాలంటే అలాంటి చదువున్న మనిషి పేరు చూపించాలి; ఒకరి పేరు ఒక్కచోటే చెల్లుతుంది. పాసైన కొత్తలోనే అత్తగారు మంచాన పడడంతో రెండేళ్లు ఉద్యోగం ఊసెత్తలేదు. ఆవిడ పోయాక పెద్దాసుపత్రి మందుల విభాగంలో ఖాళీ ఉందంటే దరఖాస్తు పెట్టింది. ఇంటర్వ్యూ గట్టెక్కింది. ఇక చేరడమే తరువాయి అనుకుంటుంటే కబురొచ్చింది.

"మీరిప్పటికే ఓ మెడికల్ షాపులో పనిచేస్తున్నారు కదమ్మా," అన్నాడు అక్కడి అధికారి, కంప్యూటరు ఆమె వైపు తిప్పి. "రెండేళ్లుగా మీ పేరే ఉంది. సోమవారంలోగా తీయించుకోవడానికి కనీసం అర్జీ పెట్టినట్టు కాగితం తెండి. లేకపోతే మీ తర్వాతవాళ్లని పిలుస్తాం."

తెర మీది అడ్రసు ఆమె రెండుసార్లు చదువుకుంది. అది సొంత చెల్లెలూ మరిదీ నడుపుతున్న కొట్టు.

రెండేళ్ల కిందట, అత్తగారింకా మంచాన పడకముందు, చెల్లెలు వచ్చి, "నీ సర్టిఫికెట్లూ కార్డూ కాపీలివ్వక్కా. ఆయనకి తెలిసినవాళ్లున్నారు, నీ ఉద్యోగం సంగతి అడుగుతాం," అంది. అక్క అలవాటు కొద్దీ పెన్ను తీసింది. చెల్లెలు మూతి ముడిచింది. "నా దగ్గర కూడానా? నేనేమన్నా బయటిదాన్నా?" అక్కకు సిగ్గేసి పెన్ను పక్కన పెట్టేసింది. మర్నాడు ఫోనుకు ఓటీపీ వస్తే, చెల్లెలు అడిగిందని అదీ చదివి వినిపించింది. ఊరందరికీ జాగ్రత్తలు చెప్పిన మనిషి అంత సుళువుగా పడిపోయింది!

ఆసుపత్రి నుంచి తిన్నగా ఆ కొట్టుకే వెళ్లింది. గోడకు అద్దాల ఫ్రేములో తన సర్టిఫికెట్టు వేలాడుతోంది. పక్కనున్న కాగితం మీద తన పేరుతో, తనెన్నడూ పెట్టని సంతకం. ఎవరో ముసలావిడ మందుల చీటీ చాపుతూ చెల్లెల్ని అక్క పేరుతో పిలిచింది. చెల్లెలు తడుముకోకుండా "ఆఁ, చెప్పండమ్మా," అని పలికింది.

తల తిప్పి అక్కను చూసి పాలిపోయింది. గబగబా లోపలికి లాక్కెళ్లింది.

"చెబుదామనే అనుకున్నానక్కా. నువ్వెటూ వాడుకోవట్లేదు కదా, ఊరికే పెట్టెలో పడుందని..."

"పడుంటే? నా పేరు కూడా నీదైపోతుందా?"

"ఇప్పుడది తీసేస్తే షాపు మూతపడుతుంది. మేమేమైపోవాలి? నీకు మిషనుందిగా!"

"ఎవరికైనా తప్పు మందిచ్చావనుకో. ఎవర్ని పట్టుకెళ్తారే?"

చెల్లెలు నేల చూపులు చూసింది. అంటే అదీ ఆలోచించే చేసిందన్నమాట. అక్కకు ఒళ్లు మండిపోయింది. పరాయివాళ్లయితే నోరారా తిట్టి ఊరుకునేది. చంకనెత్తుకుని పెంచిన పిల్ల ఇంత పని చేస్తే ఏ తిట్టూ నోటికి రాలేదు.

మర్నాడు లైసెన్సుల ఆఫీసులో ఫిర్యాదు రాసుకుంటున్న గుమాస్తా మధ్యలో తలెత్తాడు.

"ఆవిడ మీకేమవుతారు?"

"చెల్లెలు."

అతను పెన్ను కింద పెట్టాడు. "ఇది పైకెళ్తే కేసవుతుందమ్మా. ఇంట్లో కూర్చుని మాట్లాడుకోరాదూ?"

ఆమె ఆ పెన్ను తీసి మళ్లీ అతని చేతికిచ్చింది.

"మాట్లాడ్డానికి దానికి రెండేళ్లు టైముంది సార్," అంది. "రాయండి."