అనిరుధ్ కారు ఎగిరిన ఆదివారాలు

పులివెందులలో తన బట్టల అంగడిలో జాకెట్ గుడ్డ కత్తిరిస్తూ, మధ్యలో ఆగి, గోపీకృష్ణ ఫోనులో ఒక్క వాక్యం రాశాడు: ‘అనిరుధ్ వైరు పీకి ఆడే దొంగ, ఇంక మన లీగులో ఉండడు.’ పంపి, మళ్ళీ కత్తెర అందుకున్నాడు.

కంప్యూటరుకు స్టీరింగు బిగించుకుని ఇళ్ళలోనే కార్లు తోలే నలభై మంది ఆ లీగులో ఉన్నారు. తగాదాలు తీర్చే పని గోపీకృష్ణది. అప్పటికి అనిరుధ్ పదకొండు పాయింట్లు ముందున్నాడు. మిగిలింది ఒక్క రేసు. గెలిచినవాణ్ణి కోయంబత్తూరు దగ్గర నిజం ట్రాకు మీద, నిజం రేసు కారులో ఒక రోజంతా తోలనిస్తారు. ఆ ఒక్క రోజు కోసమే అనిరుధ్ రెండేళ్ళుగా ఆదివారాలన్నీ ధారపోశాడు.

అతను ప్రొద్దుటూరులో గుడి పూజారి శేషగిరి కొడుకు. జమ్మలమడుగులో ఒక కాలేజీ ఆఫీసులో కంప్యూటరు పని. పొద్దున బస్సులో పోయి సాయంత్రం బస్సులో వస్తాడు. నిజం కారు ఒక్కసారీ తోలి ఎరగడు. గోపీకృష్ణ అతని ముఖం కూడా చూడలేదు. తెలిసింది గొంతు, తెర మీద నీలం కారు, అంతే.

ఆ నీలం కారు మూడు ఆదివారాలు వరసగా, మధ్యాహ్నం రేసులో ఎగిరింది. నెట్టు అరక్షణం ఆగితే చాలు, మిగతావాళ్ళ తెరల మీద ఆ కారు మాయమై, పది గజాల ముందో పక్కవాడి నెత్తినో తేలుతుంది. ఓడిపోయేటప్పుడు కావాలనే వైరు పీకి పెట్టేవాళ్ళూ ఉంటారు. అనిరుధ్ కారు ఎగిరిన ప్రతిసారీ పక్కన ఇంకో కారు ఉంది. రేసులో పక్కన కారు లేనిదెప్పుడన్న ఆలోచన గోపీకృష్ణకు రాలేదు.

ఆ సాయంత్రమే అనిరుధ్ ఫోను చేశాడు.

“అన్నా, నేను పీకలేదు. కేబులు బాషా మూడు తూర్లు వచ్చి చూసినాడు. అంతా సరిగుందంటాడు.”

“సరిగుంటే కారెందుకు ఎగురుతాంది సామీ?”

“అదే తెలీడంలా. ఒక ఆదివారం మా ఇంటికొచ్చి చూడన్నా.”

“అంగడి మూసి నీ వైరు చూసేకి రావల్నా?”

చివరి రేసు అనిరుధ్ లేకుండానే జరిగింది. రెండో స్థానంలో ఉన్న పృథ్వీ గెలిచి, కోయంబత్తూరు పోయి, హెల్మెట్ పెట్టుకున్న ఫోటో గ్రూపులో పెట్టాడు. ఆ వారమే జమ్మలమడుగు నుంచి అన్సర్ ఫోను చేశాడు. లీగులో అతనూ పాతవాడే.

“సామి పిల్లోడు స్టీరింగు దుప్పట్లో మూటగట్టుకోని బస్సులో మా ఇంటికొచ్చినాడప్పా. మా నెట్టు మీద నాలుగు గంటలు తోలినాడు. ఒక్క తూరి గూడా ఎగర్లేదు.”

మరుసటి ఆదివారం గోపీకృష్ణ అంగడి మూసి ప్రొద్దుటూరు బస్సెక్కాడు.

తలుపు తీసింది శేషగిరి. “రాప్పా, మావోడు పైన ఉండాడు,” అన్నాడు. పైన పాత కుట్టుమిషను బల్లకు స్టీరింగు బిగించి ఉంది. పెడళ్ళు జారిపోకుండా వెనక కడప బండ అడ్డం పెట్టి ఉంది. గోపీకృష్ణను చూసి అనిరుధ్ కోపపడలేదు, కుర్చీ జరిపాడు. ఇద్దరూ తెర ముందు కూర్చున్నారు. నెట్టు జవాబిచ్చే వేగం అంకెల్లో కనబడుతోంది: ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై రెండు. గంటసేపు అంతే.

రెండుంబావు దాటాక మిద్దె మీద తడిగుడ్డ జాడించిన చప్పుడు. అంకె తొమ్మిది వందలకు పోయింది. తర్వాత అంకే లేదు. మళ్ళీ ఇరవై రెండు. మళ్ళీ లేదు.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని మెట్లెక్కారు.

“ఆడనే నిలబడండి నాయనా, మడి,” అంది అనిరుధ్ తల్లి సీతాలక్ష్మి. ఆమె చేతిలో పొడుగాటి కర్ర. ఆ కర్రతో తొమ్మిది గజాల తడి చీరను తలకంటే ఎత్తున ఒక నల్ల తీగ మీదికి తోస్తోంది. అది వీధి స్తంభం నుంచి ఇంట్లోకొచ్చే నెట్టు తీగ. దానిలో పారేది వెలుతురు. చీర బరువుకు తీగ వేలాడి పిట్టగోడ మేకు దగ్గర మడత పడింది. గాలికి చీర ఊగినప్పుడల్లా వెలుతురు తెగుతోంది. పొద్దున బాషా వచ్చేసరికి చీర తీసేసి ఉంటుంది. సాయంత్రం అనిరుధ్ సాధన చేసేసరికి ఆరి తేలికైపోతుంది. మిగతా రోజుల్లో ఈ వేళకు అతను ఇంట్లోనే ఉండడు.



“దండెం ఉంది గదమా,” అన్నాడు అనిరుధ్ మెల్లగా.

“దండెం మీద కింద కొత్తగా దిగిన బాడుగోళ్ళ బట్టలుంటాయి. గుడి నైవేద్యం ఈ చీరతోనే గదా వండాల. ఈ తీగె జోలికి ఎవురూ రారు. నువ్వు నెట్టు పెట్టిచ్చి శానా మంచి పని చేసినావురా.” ఆమె గోపీకృష్ణ వైపు తిరిగింది. “ఎవురీయన? భోంచేసినావా నాయనా?”

చీర నీళ్ళు చుక్కలుగా బండల మీద పడుతుంటే అనిరుధ్ చూస్తూ నిలబడ్డాడు. ఆమె వెనుదిరగగానే గోపీకృష్ణ ఫోను తీసి చీరనూ తీగనూ ఫోటో తీశాడు.

ఆ రాత్రే గ్రూపులో పెట్టాడు. తప్పు తనదేనని, అనిరుధ్ దొంగ కాదని రాశాడు. నమ్మనివాళ్ళు ఉంటారేమోనని ఫోటో జతచేశాడు. నమ్మనివాళ్ళెవరూ లేరు. నవ్వినవాళ్ళే అందరూ. ఎవడో చీర మీద నలుపు తెలుపు గళ్ళు పూసి రేసు ముగింపు జెండా చేశాడు. ‘ఈ ఏడు కప్పు సామి వాళ్ళమ్మకే’ అని ఇంకొకడు. రెండు రోజుల్లో ఆ బొమ్మ ప్రొద్దుటూరులో గుడికొచ్చేవాళ్ళ ఫోన్లలోకి చేరింది. ప్రసాదం అందుకుంటూ ఒకామె దాన్ని సీతాలక్ష్మికే చూపించింది.

నెల తర్వాత జమ్మలమడుగు బస్టాండులో గోపీకృష్ణకు అనిరుధ్ కనిపించాడు. చేతిలో ఖాళీ క్యారియరు, ప్రొద్దుటూరు బస్సు కోసం నిలబడి ఉన్నాడు. కొత్త సీజను మొదలవుతోందని, మొదటి పేరు అతనిదే రాసుకున్నానని గోపీకృష్ణ చెప్పాడు.

బస్సొచ్చింది. అనిరుధ్ మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగాడు.

“మాయమ్మ మిద్దెక్కడం మానుకునిందన్నా. చీర వంటింట్లోనే ఆరేసుకుంటాంది, పొగలో. నెట్టు మాత్రం శానా బాగొస్తాంది.”