లూషియస్ పేరు మీద కాలు

మేకన్ పట్టణం పైన్ వీధిలో హ్యాటీ టిప్పెట్ అంటే బడి వంటమ్మ. ముప్పై ఒక్క ఏళ్లు బడి వంటగదిలో మొక్కజొన్న రొట్టె కాల్చి, ఆ వీధి పిల్లల్ని మూడు తరాలపాటు మేపిన మనిషి. తాతలైపోయినవాళ్లు కూడా ఆవిడ ఎదురుపడితే ఇప్పటికీ తమ చేతులు శుభ్రంగా ఉన్నాయా అని ఒకసారి చూసుకుంటారు. వీధి దాటితే మాత్రం ఆవిడ లూషియస్ టిప్పెట్ అక్క. బేస్‌బాల్‌లో లూషియస్ విసిరిన బంతి కంటికి కనపడలేదనీ, చప్పుడే వినపడిందనీ ఒప్పుకున్న ఆటగాళ్లు ఎందరో.

అతను పోయిన పదకొండేళ్లకి నగరసభ అతని పేరుతో ఒక కంచు పలక పోత పోయించింది. ఓథా మంగలి దుకాణం ముందు, కాలిబాటలోనే పొదుగుతారట. శనివారం సభ. కుటుంబం సంతకం కావాలన్నారు. కుటుంబమంటే ఇక మిగిలింది హ్యాటీ ఒక్కతే. ఆవిడ పెట్టనంది.

నగరసభ తరఫున వచ్చిన డెల్ఫీన్ కూడా ఆవిడ రొట్టె తిని పెరిగిన పిల్లే.

"మిస్ హ్యాటీ, పెద్ద పెద్ద ఊళ్లలో అందరికీ ఇలాగే వేస్తున్నారండీ. గౌరవం అది."

"బూట్ల కింద వేసేది గౌరవమా? గోడకి పెట్టండి, ఇప్పుడే సంతకం చేస్తా. ఫుట్‌పాత్ మీద జనం ఉమ్ముతారే!"

"నేను ఉమ్మనండీ."

"నువ్వు ఉమ్మవు తల్లీ, నేను పెంచాను గనక. మిగతా ఊరిని ఎవరు పెంచారు?"

ఆ కోపం ఎక్కడిదో వీధిలో పెద్దవాళ్లకి తెలుసు. అప్పట్లో తెల్లవాళ్లు ఎదురొస్తే నల్లవాళ్లు కాలిబాట దిగి దారి ఇవ్వాలి. ఒక ఆదివారం చర్చికి వెళుతూ నాన్న దిగాడు. ఆరేళ్ల లూషియస్ దిగలేదు. నాన్న జబ్బ పట్టుకుని లాగేసరికి, పొద్దున్నే మెరిపించిన బూట్లతో సహా వాడు బురదలో పడ్డాడు. ఇంటికొచ్చాక వాడు ఏడవలేదు. నాన్నే ఏడ్చాడు. హ్యాటీ తలుపు పక్కనుంచి చూసింది. ఆ కాలిబాటలోనే తమ్ముడి పేరు పరిచి, ఊరంతా దాని మీదుగా నడిచిపోతారా?

గురువారం సాయంత్రం ఓథా ఆవిడ వరండాలో కూర్చుని తీపి టీ తాగుతూ మెల్లిగా ఆ మాట కదిపాడు.

"సిస్టర్ హ్యాటీ, ఆ పలకని రోజూ నేనే తుడుస్తా గదా."

"దుకాణం లోపలే తుడవవు, బయట తుడుస్తావా? మొన్న పాస్టర్ గారు మెడ నిండా వెంట్రుకలతో గోక్కుంటూ ప్రసంగం చెప్పారు."

"సరే, తిట్టు. లూషియస్ ఉంటే ఏమనేవాడో అది చెప్పు."

"వాడి సంగతి నీకేం తెలుసు? వాడి బంతి నువ్వు పట్టావా? నేను పట్టాను. పదేళ్ల పిల్లని, నాన్న పాత టోపీలో గుడ్డలు కుక్కుకుని. ఈ వేలు చూడు, అప్పట్నుంచీ వంకరే. మీ దుకాణం పక్క సందు మొదట్లో నిలబడేవాడు, ఒక ఇటుక పాతుకుని. దాని మీద కుడి కాలు ఆనితే గానీ బంతి వదిలేవాడు కాదు. ఎవరో దాన్ని పీకేస్తే ఆ రోజంతా ఆడలేదు. 'అక్కా, నాకు నిలబడే చోటు లేదే' అని..."

మాట అక్కడే ఆగిపోయింది. పెద్ద మైదానాల్లో ఇటుక బదులు తెల్ల రబ్బరు పలక ఉండేది. ఇరవై రెండేళ్లు లూషియస్ దాని మీద కాలు ఆనించే బతికాడు. ఓథా గ్లాసు కింద పెట్టి లేచి వెళ్లిపోయాడు.

శుక్రవారం పొద్దున హ్యాటీ చర్చి టోపీ పెట్టుకుని దుకాణం ముందుకి వచ్చింది. తాపీమేస్త్రీ అప్పటికే సందు మొదట్లో కాంక్రీటు కోసి గుంట సిద్ధం చేశాడు.

"ఏదే ఆ కాగితం?" అంది డెల్ఫీన్‌తో. సంతకం చేసి, కలం మాత్రం తిరిగి ఇవ్వలేదు. "అక్షరాలు ఎటు చూస్తాయి?"

"రోడ్డు మీదవాళ్లు చదివేలా అండీ."

"తిప్పించు. సందులో నిలబడి చదవాలి."

"అయ్యో, అప్పుడు రోడ్డు వైపునుంచి తలకిందులుగా కనిపిస్తుందండీ! మేయర్ గారి కుర్చీ అటే వేస్తున్నాం."

"కుర్చీని ఇటు తెచ్చుకోమను. వాడు రోడ్డుకి వీపు పెట్టి నిలబడేవాడు. వాణ్ణి చూడాలంటే బంతి పట్టడానికి నేను కూర్చున్న వైపు నుంచే చూడాలి."

మేస్త్రీ నవ్వు ఆపుకుంటూ పలకని తిప్పి దించాడు.

శనివారం నగర పెద్దలంతా ఆ ఇరుకు సందులో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. పలక మీద గుడ్డ తీశాక, రెండు మాటలు చెప్పమని మేయర్ హ్యాటీని అడిగాడు. ఆవిడ నడిచి వెళ్లి, రోడ్డుకి వీపు పెట్టి, తమ్ముడి పేరు మీద కుడి పాదం ఆనించింది. మడమతో ఒకసారి గట్టిగా నొక్కి చూసింది.

"కదలడం లేదు," అంది మేస్త్రీతో. తర్వాత డెల్ఫీన్‌ని పిలిచింది. "అలా చూస్తావేం? రా, నువ్వూ నిలబడు."

డెల్ఫీన్ వెనక ఓథా, ఓథా వెనక పాస్టర్, అలా వరస కట్టారు. హ్యాటీ సందులో కుర్చీ వేయించుకుని ఒక్కొక్కరినీ సరిదిద్దింది. మేయర్ వంతు వచ్చింది.

"ఎడమ కాదు నాయనా," అంది. "కుడి కాలు."