మోచేతి దాకా జారిన గాజులు

నిన్న మా మేనకోడలు ఫోన్‌లో తన ఫోటో మీద బొటనవేలు జరిపింది. నడుము సన్నబడింది, నిజమే. వెనకున్న తలుపు కూడా నడుముతో పాటే లోపలికి వంగింది. “ఎట్లున్న అత్తా?” అంది. “నువ్వు బాగనే ఉన్నవ్, వడ్రంగిని పిలవాలె” అన్నాను. ఆ వంకర తలుపు చూస్తుంటే మార్తా మేడమ్ గొంతు వినిపించింది: “ముందు వెనకున్న గీతలు చూడమ్మాయ్.”

డిగ్రీ అయ్యాక నేను మొదట పనికి చేరింది బోయిన్‌పల్లిలో ఆవిడ ఫోటో స్టూడియోలోనే. తెనాలి మనిషి, బడిలో డ్రాయింగ్ చెప్పడం మానేసి స్టూడియో పెట్టారు. నాకు నోరెక్కువ, ఆవిడకు ఓపికెక్కువ.

ఒకరోజు సుగుణమ్మగారు కూతురి పెళ్ళి ఫోటో పెద్దది చేయించడానికి వచ్చారు. పెద్ద జబ్బు నుంచి అప్పుడే తేరుకున్నారు, ఫోటోలో సగం మనిషి. “జెర నిండుగ చెయ్యి బిడ్డా. గోడకు పెడితే వచ్చినోళ్ళంత ‘అయ్యో’ అంటరు. ఆ మాట ఇంటుంటే మళ్ళ మంచమెక్కినట్టుంటది.”

ఆవిడ వెళ్ళగానే మొదలుపెట్టాను. “అబద్ధం కదా మేడమ్? బతికి బయటపడ్డావిడకు దాచుకునేదేముంది?”

“జాలి వద్దంటోంది, అంతే. అయినా నీ ఆధార్ కార్డులో ఉన్నది నువ్వేనా?”

ఉక్రోషంతో కంప్యూటర్లో సుగుణమ్మగారి బుగ్గలు నింపాను. కాడ మీద గుమ్మడికాయ పెట్టినట్టయింది. మేడమ్ అంతా చెరిపేశారు. “మనిషి ఒక్కచోటే ఒళ్ళు చెయ్యదు. బుగ్గతో పాటు మెడ, భుజం, చెయ్యి. పెద్ద బ్రష్‌తో కొంచెం కొంచెం తొయ్యి. కీళ్ళు కదపకు, కదిపితే ఆవిడ పోయి ఆవిడ చెల్లెలొస్తుంది.”

చెయ్యి దగ్గర ఆగాను. అక్షింతలు వెయ్యడానికి ఎత్తిన చెయ్యి. గాజులు మోచేతి దాకా జారి ఉన్నాయి. “చెయ్యి నిండుగా ఉంటే గాజులు అంత కిందికి జారతాయా మేడమ్?”

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. “జారవు. ఇన్నాళ్ళూ నోటితో వాదించావు, ఇవాళ కళ్ళతో వాదించావు. చెయ్యి వదిలెయ్. ముఖం కూడా ఆ చేతికి తగినంతే.”

సుగుణమ్మగారు వచ్చి ఫోటో చేతిలోకి తీసుకున్నారు. నేను మాత్రం గొడవకు సిద్ధంగా ఉన్నాను. “చెయ్యి గట్లనే ఉంచిన్రు...” అని గాజుల మీద వేలు పెట్టి, “ఉండనీ. అక్షింతలేసిన చెయ్యి గదా” అన్నారు. మరో ఏడాదికి నిండుగా, ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు. “ఇప్పుడు జెర తగ్గియ్యి బిడ్డా!” మేడమ్ కుర్చీలోంచి పడబోయేంత నవ్వారు.

మేడమ్ ఇప్పుడు లేరు. నా నోరు ఇంకా ఉంది, కాకపోతే తెరిచే ముందు ఒకసారి చూస్తాను. నిన్న మేనకోడలి పక్కన కూర్చుని ముందుగా ఫోటోలోని తలుపు నిటారుగా నిలబెట్టాను. నడుము సంగతి మీద వాదన ఇంకా నడుస్తోంది.