ఎవరి ఆది రవిక?

మొన్న షుగరు పరీక్షకు వెళ్తే వేలికి స్పిరిటు దూది రుద్దారు. ఆ చల్లదనం, ఆ ఘాటు వాసన తగలగానే నస్రీన్ గుర్తుకొచ్చింది. సూది గుచ్చిందే తెలియలేదు.

కిషన్‌బాగ్‌లో మా గల్లీ చివరి ఇంటి పిల్ల నస్రీన్. మనుషుల రక్తంలో తరతరాలుగా ఏం దిగివస్తుందో చూసే ల్యాబులో పని. నేను మూడో తరగతితో బడి మానేసి, అప్పటినుంచీ రవికలు కుడుతున్నదాన్ని. గుడ్డముక్క పారేయను, ఎవరినీ ఊరికే కూర్చోనివ్వను. ఆ పిల్ల మాత్రం నా మిషను పక్కన స్టూలు లాక్కుని కూర్చునేది. గుండీలు కుట్టమని చేతికిస్తే, కుడుతూనే కబుర్లు చెప్పేది.

ఒకరోజు ఫోనులో ఏదో చూపించింది. "చైనాల చూడుండ్రి అమ్మా. వాళ్ల దేశంల ఎన్ని తీర్ల జనమున్నరో, అందరి రక్తం తీసుకొని ఏ జనానిది ఆ జనానికి రాసి పెడుతున్నరు."

"ఎందుకే? అందరిదీ ఎర్రగనే ఉంటది గద!"

ఆమె నా మేకుకు వేలాడుతున్న పాత రవికల వైపు చూసింది. "గవన్నీ ఏంది మరి?"

"ఆది రవికలు. కొలతకు ఒకటుంటేనే గద కొత్తది కుట్టేది."

"గల్లీ మొత్తానికి ఒక్కరి ఆదితోనే కుడితే?"

"చెప్పుతోని కొడ్తరు."

"ఇది గూడ గంతే. జబ్బు ఎక్కడుందో చూడాలంటే డాక్టర్లకు ఒక ఆది కావాలె. ఇన్నేండ్లు ఎక్కువగ వేరే దేశపోళ్ల ఆదితోనే మన పిల్లల్ని కొలిచిండ్రు. తేడా కనిపిస్తే అది జబ్బా, మనోళ్లందరికీ ఉండేదేనా, తెలుస్తలేదు."

ఆ మాట నా బుర్రలో నాటుకుంది. ఆమె ల్యాబువాళ్లూ ఇక్కడ కులాలవారీగా అలాంటి ఆది తయారుచేస్తున్నారట. మా కులపు ఇళ్లలో రక్తం ఇవ్వమని అడగడానికి ఆమె వెంట నేనూ తిరిగాను. ముందు నా చెయ్యే చాపాను. ఆమె కాగితం తీసి, "మీ నాయన తల్లిదండ్రులు, అమ్మ తల్లిదండ్రులు, నలుగురూ పుట్టుకతోని మీ కులపోళ్లేనా? గట్లుంటేనే ఆదికి పనికొస్తది," అంది.

"ఆఁ," అన్నాను.

అది అబద్ధం. మా నాన్నను ఎవరో పాత చీరలో చుట్టి తెచ్చిచ్చారట. పిల్లల్లేని మా తాత కులపెద్దల ముందు ఒళ్లో కూర్చోబెట్టుకుని ఇంటిపేరు ఇచ్చాడు. ఆ తర్వాత ఆ సంగతి ఎవరూ ఎత్తకూడదని కట్టడి. దాన్నే నేనూ పాటించాను. పైగా అప్పుడు మా మనవరాలికి సంబంధం మాట్లాడుతున్నాం.

ఆ వారమే ఒక పెళ్లివారి పట్టు రవికలు ఆరు పాడుచేశాను. మేకు మీదున్న ఆ ఇంటి అక్క ఆదిని చెల్లెలిదనుకుని కత్తిరించాను. ఆరింటికి ఆరూ బిగుతే. కత్తెర కింద పెట్టి, తిన్నగా నస్రీన్ ఇంటికి నడిచాను.

"నా రక్తం పారెయ్ బిడ్డా. మా నాయనను ఎక్కడికెల్లో తెచ్చి పెంచుకున్నరు. ఏ జనమో, ఎవరి కడుపున పుట్టిండో తెల్వది. చెప్తే పిల్ల సంబంధం చెడుతదని దాచిన."

తిడుతుందనుకున్నాను. ఆమె కాగితం వెతికి తీసి, పాత జవాబు కొట్టేసింది. "మీ కులం ఆదికి వాడను. గని పారేసుడెందుకు? మీ నాయన తరఫు తెల్వదని రాస్తున్న. వేరే పనికొస్తది. మీ పేరు బయటికి పోదు, నంబరే ఉంటది. ఫికర్ చెయ్యకుండ్రి."

"తెల్వదని గూడ రాస్తరా?"

"మస్తు రాస్తం అమ్మా. ఏది తెల్వదో తెలిస్తేనే గద వెతికేది!"

ఇంటికొచ్చి ముందు మనవరాలికి చెప్పాను, తర్వాత పెళ్లికొడుకు వాళ్లకు. వాళ్ల పెద్దమ్మ మూతి ముడిచింది. "ఇన్నేండ్లు దాచి ఇప్పుడెందుకు చెప్తున్నవ్?" అంది. "తప్పు ఆదితోని కుట్టొద్దని," అన్నాను. ఆమెకు ఏం అర్థమైందో కానీ, పెళ్లి ఆగలేదు.

నస్రీన్ ఇప్పుడు వేరే ఊళ్లో ఉంది. నేను ప్రతి ఆది రవికకూ మిగిలిన గుడ్డ పేలిక కట్టి పేరు రాస్తున్నాను. ఎవరిదో తెలియని వాటి మీద 'తెల్వది' అనే రాస్తాను.

మనవరాలి కొడుకు నిద్రపోతుంటే పక్కన కూర్చుంటాను. వాడి ఎడమ చెవి అంచు కాస్త మడత పడి ఉంటుంది. నాదీ అంతే, మా నాన్నదీ అంతే. ఆయనకు ఎవరిచ్చారో. ముట్టుకుంటే లేస్తాడని, వంగి చూస్తూ ఉంటాను.